గీత దాకా నిండని సీసా

ఎండు రొయ్యల డబ్బా వెలితిగా వచ్చిందేంటని మొన్న ఫోనులో చిన్నది అడిగింది. ఓడలో ఎవరన్నా తీసుకున్నారా అవ్వా, ఎలుకలు గానీ తిన్నాయా, అని. ఎవరూ తీసుకోలేదు తల్లీ. మూతకి నేను చుట్టిన గుడ్డ అండమానులో మీ ఇంటి దాకా చుట్టినట్టే వచ్చిందని మీ అమ్మ చెప్పింది కదా. అందులో నేను పోసిందే అంత. నా చేత్తో ఏరి, నా వాకిట్లో ఎండబెట్టినవి ఈసారి అన్నే అయ్యాయి. పక్కింటామె రెండు దోసిళ్ళు తెచ్చి పోయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె మొహం చిన్నబోయింది. మన పల్లెలో అట్లా అడ్డం పెట్టకూడదు.

ఎందుకు పెట్టానో చెప్పేలోపల ఫోను తెగిపోయింది. తెగకపోయినా అది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను. చిన్నదానికి తెలుగు చదవడం ఇంకా తడబాటే కాబట్టి, పెద్దోడా, నువ్వు చదివి వినిపించు. గబగబా చదవొద్దు.

మీరు మన రేవు చూసినప్పుడు బాగా పసివాళ్ళు. పొద్దున పడవలు ఒడ్డుకి రాగానే ఆడవాళ్ళం చేపలు ఏరి గంపలకి ఎత్తుతాం. గంపలన్నీ వరసగా పెడితే వ్యాపారులు వచ్చి వేలం పాట పాడతారు. వాళ్ళకి నిండు గంప కావాలి. వెలితి గంపని కాలితో పక్కకి జరుపుతారు, అన్నీ అయ్యాక అడుగుతారు. అప్పటికి ఎండెక్కి చేప కన్ను తెల్లబడి ఉంటుంది. అందుకని ఒక ఇంటి గంప నాలుగు వేళ్ళు తక్కువైతే పక్కనున్న ఆడమనిషి తన గంపలోంచి దోసెడు తీసి అందులో పోస్తుంది. అడగడం ఉండదు, చెప్పడం ఉండదు. పాట ముగిసేసరికి ఎవరి చేప ఎవరి గంపలో పోయిందో ఎవరికీ గుర్తుండదు. పులికాట్ సరస్సు అవతలి ఒడ్డు నుంచి పదహారేళ్ళకి నేను ఇక్కడికి కాపురానికి వచ్చినప్పుడు మా అత్త నాకు నేర్పిన మొదటి పని అదే.

"వెలితి గంప కనబడితే చూస్తా నిలబడుకోబాక," అనేది. "చెయ్యి పోవాల, అంతే. నోరు కాదు."

నలభై ఏళ్ళకి పైగా నా చెయ్యి అట్లా పోతూనే ఉంది.

మీ తాత దగ్గు ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. పెళ్ళైన కొత్తలో ఇంట్లో కూర్చుని ఆయన దగ్గు విని పడవ ఒడ్డుకొచ్చిందని తెలుసుకునేదాన్ని. పన్నెండేళ్ళకే సముద్రం మీద బీడీ అలవాటు చేసుకున్న మనిషి. తడి బట్టలతో, ఉప్పు గాలిలో, ఒంట్లో వేడి నిలబడాలంటే అదొక్కటే దారి అనేవాడు. మీ అమ్మ పదో తరగతిలో ఉండగా ఆయనకి టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగి బాగయ్యాడు. తర్వాత చాలా ఏళ్ళు బాగానే ఉన్నాడు. దగ్గు ఉండేది, కానీ అది ఆయన మాటలో భాగం లాగా ఉండేది.

నేను చెప్పబోయే ఏడాది, నెత్తళ్ళ చేప పడే రోజుల్లో ఆ దగ్గు మారింది. అంతకుముందు దగ్గి, ఊసి, ఆపిన మాట అందుకునేవాడు. ఇప్పుడు దగ్గాక ఏం మాట్లాడుతున్నాడో మరిచిపోయి నా మొహం వంక చూసేవాడు. గొంతు బొంగురుపోయింది. లుంగీ ముడి వారం వారం లోపలికి జరిగింది. ఒక రోజు వల లాగుతూ మధ్యలో వదిలేసి పడవ అంచున కూర్చున్నాడని ఆయన జతగాడు నాకు వచ్చి చెప్పాడు. మీ తాత వల వదిలేయడం నేను అంతవరకు వినలేదు.

మా వీధి చివరింటి కోడలు ఆశా వర్కరుగా పనిచేస్తుంది. నన్ను అత్తా అంటుంది. ఆ అమ్మాయే బలవంతాన ఆయన్ని పరీక్షకి తీసుకుపోయింది. మళ్ళీ టీబీయేమో అనుకున్నాం. తెమడలో టీబీ లేదన్నారు. నేను సంతోషపడ్డాను. అంత తెలివితక్కువ సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

అక్కడినుంచి నెల్లూరు పంపించారు. ఊపిరితిత్తులు చూసే డాక్టరమ్మ చిన్న వయసు, మీ అమ్మకంటే చిన్నది. ఎక్స్‌రే కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.

"తాతా, లోపల పాత టీబీ మచ్చలు చాలా ఉన్నాయి. వాటి వెనకాల కొత్తది ఏదన్నా దాక్కుని ఉంటే ఇందులో నాకు తెలియదు," అంది.

"కొత్తదంటే?" అన్నాను నేను.

ఆమె నా వంక చూసి, దాచకుండానే చెప్పింది. "క్యాన్సర్ కావచ్చు అమ్మా. కాకపోవచ్చు కూడా. తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. మేము చేస్తున్న ఒక పరిశోధనలో భాగం అది. తెమడలో లోపలి గొట్టాల నుంచి రాలిన కణాలు ఉంటాయి. కణం చెడిపోవడం మొదలైతే దాని జన్యువుల్లో కొన్ని గుర్తులు పడతాయి. గడ్డ స్కానులో కనపడకముందే ఒక్కోసారి ఆ గుర్తులు తెమడలో దొరుకుతాయి. చెన్నైలో ల్యాబు ఉంది, అక్కడికి పంపిస్తాం."

మీ తాత అప్పటిదాకా కిటికీ బయటికి చూస్తున్నాడు. ఇప్పుడు ఇటు తిరిగాడు.

"చేప కనబడకముందే నీళ్ళ రంగు మారతాది గదా మేడమ్. మేము రంగు చూసి వల ఏస్తాం. అట్టా అన్నమాట."

ఆమెకి నవ్వొచ్చింది. "అట్లాగే అనుకోండి తాతా. కానీ ఇది కొత్త పరీక్ష. ఖాయంగా చెప్పదు. గుర్తు దొరికితే ఇంకా వెతకాలని అర్థం, అంతే."

"రంగు మారిన చోటల్లా చేప ఉండదులే. ఒక్కోతూరి వట్టి బురద."

"అదే నేను చెప్పేది కూడా."

ఒక సీసా ఇచ్చింది. వెడల్పు మూతిది, అడుగున స్పిరిట్ వాసన కొట్టే నీళ్ళు, పక్కన ఒక నల్ల గీత. మూడు రోజులు వరసగా, నిద్ర లేవగానే నోరు పుక్కిలించి, ఛాతీ లోపలినుంచి దగ్గి అందులోనే ఊయాలి. ఉమ్మి కాదు, తెమడే కావాలి. మూడో రోజు పొద్దున ఆశా అమ్మాయి వచ్చి తీసుకుని మొదటి బస్సులో నెల్లూరు పోతుంది. గీత దాకా ఉండాలి, తక్కువైతే ల్యాబువాళ్ళు వెనక్కి పంపుతారని ఆ అమ్మాయి నాకు బస్సులో రెండుసార్లు చెప్పింది. వేరేవాళ్ళది కలపకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాటేనా అది? అన్నంలో మట్టి కలపొద్దని ఎవరన్నా చెబుతారా?

మొదటి రోజు పెరట్లో సరుగుడు దడి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయన దగ్గుతుంటే వీపు ఎముకలు చొక్కాలోంచి ఒక్కొక్కటే లేచాయి. ఊసి, మూత పెట్టి, సీసా ఎత్తి చూసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ సముద్రంలో ఊసిందంతా దాచిపెట్టుంటే పీపాయి నిండేది గదమే."

"నోరు ముయ్యి మామా, లోపలికి పోయి పడుకో."

దడి అవతలినుంచి ఆయన జతగాడు తల పైకెత్తాడు. "ఏందన్నా, రాకెట్టోళ్ళ దగ్గర కూడా లేని మిషన్లు నీ కళ్ళెకి పెడతారంట గదా!"

"అవున్రా. నీది కూడా అడిగినారు. కల్లు వాసన వస్తాదని నేనే వద్దంటి."

ముగ్గురం నవ్వుకున్నాం.

రెండో రోజు తక్కువ వచ్చింది. ఆ రెండు రోజులూ శ్రీహరికోటలో రాకెట్టు వదలబోతున్నారని సముద్రంలోకి ఎవర్నీ పోనివ్వలేదు. రెండో రోజు సాయంత్రం రాకెట్టు పోయింది. పిల్లలంతా ఒడ్డున కేకలు పెట్టారు. రెండు రోజులు వల పడని సముద్రంలో చేప ఒడ్డు దగ్గరికి వచ్చి ఉంటుంది. ఆ సంగతి మీ తాతకి తెలుసు, నాకూ తెలుసు. అయినా మూడో రోజు నేను లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. బలం లేని మనిషి, తెల్లారకముందే పడవెక్కి వెళ్ళిపోయాడు. పోయేముందు దగ్గాడో లేదో. దగ్గి ఉంటే ఇసుకలో దగ్గి ఉంటాడు. సీసా గూట్లోనే ఉంది. గీతకి సగం వేలు తక్కువ.

ఇప్పుడు నేను చెప్పేది ఎవరికీ మంచిగా వినపడదు. ఆ పొద్దున ఏం చేశానో అంతా చెబుతాను.

సీసా చేతిలో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. గీత కనపడుతూనే ఉంది. వెనక్కి పంపుతారు అన్న మాట చెవిలో ఉంది. వెనక్కి పంపితే మళ్ళీ ఎన్నాళ్ళో. మళ్ళీ మూడు రోజులు ఈయన్ని ఇంట్లో ఎవరు ఆపుతారు? అప్పటికి లోపలున్నది ఎంత పెరుగుతుందో. వీధి మొదట్లో ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు వినపడింది. నాకూ పొద్దున్నే దగ్గు వస్తుంది. మా పుట్టింటివాళ్ళు సరస్సు ఒడ్డున గుల్ల కాల్చి సున్నం చేసేవాళ్ళు, చిన్నప్పుడు ఆ బట్టీ ఊదినదాన్ని. ఇక్కడికొచ్చాక సరుగుడు పుల్లల పొయ్యి. దగ్గు వచ్చింది. మూత తీశాను. గీత దాకా నింపాను.

చెయ్యి పోయింది. నోరు కాదు.

ఆ అమ్మాయి వచ్చి సీసా ఎత్తి చూసి, "అమ్మయ్య, సరిపోయింది అత్తా. మామ గట్టోడే," అంటూ పైన అతికించిన కాగితం మీద మీ తాత పేరు రాసింది. సంచిలో పెట్టుకుని బస్సుకి పరిగెత్తింది. నేను పొయ్యి వెలిగించుకున్నాను. తప్పు చేశానని అప్పుడు నాకు తోచనే లేదు. గంప నిండింది, పాటకు పోయింది. అంతే అనుకున్నాను.

మీ తాత ఆ రోజు నిండు పడవతో వచ్చాడు. సీసా ఏమైందని అడిగితే, పోయిందన్నాను. సరే అన్నాడు.

మూడు వారాల తర్వాత పిలిచారు. డాక్టరమ్మ కాగితం మీద వేలు పెట్టి నెమ్మదిగా చెప్పింది. గుర్తులు ఉన్నాయి. అన్నీ కాదు, వెతికిన వాటిలో కొన్ని ఉన్నాయి. కాబట్టి స్కాను తీయాలి, గొట్టం వేసి లోపల చూడాలి.

మీ తాత కుర్చీలో నిటారుగా కూర్చుని వింటున్నాడు. ఆయన కోసమే భయపడుతున్నాననుకున్నాను గానీ, ఆ క్షణంలోనే నాకు తట్టింది. గుర్తులు ఉన్నాయి సరే. అవి ఎవరి తెమడలోవి?

అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఎదురుగా డాక్టరు ఉంది, తలుపు వేసి ఉంది. నోరు తెరిచాను కూడా. "ఏమ్మా?" అంది ఆమె. "ఏం లేదమ్మా," అన్నాను.

ఎందుకు చెప్పలేదో చాలాసార్లు ఆలోచించాను. ఆ గుర్తులు ఉన్నాయనే కదా ఇప్పుడు ఇంతమంది ఆయన వైపు చూస్తున్నారు. ఆ సీసా చెల్లదని నేను అంటే, సరే ఇంటికి పొండి అంటారేమోనని భయం. ఆయనకి నిజంగా ఉంటే, ఆయన ప్రాణానికి ఉన్న ఒక్క దారం నేనే తెంపినదాన్ని అవుతాను. చెప్పకపోతే, నా రోగం వెతకడానికి ఆయన ఒళ్ళు తూట్లు పొడుస్తారు. ఆసుపత్రి బయట టీ గ్లాసు చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. టీ బాగాలేదా అని మీ తాత అడిగాడు.

స్కానులో పాత మచ్చ పక్కన శెనగగింజంత ఏదో ఉందన్నారు. పాతదో కొత్తదో తెలియదన్నారు. గొట్టం వేసిన రోజు ఆయన అరుపు వరండాలో నాకు వినపడింది. మూడు రోజులు తెమడలో నెత్తురు పడింది.

"వల ఈడ్చినట్టు ఈడ్చినారమే లోపలంతా," అన్నాడు ఇంటికొచ్చాక. "చేప మాత్రం దొరకలేదంట."

గొట్టంతో తీసిన ముక్కలో చెడ్డ కణాలు దొరకలేదు. అయినా గుర్తులు ఉన్నాయి కాబట్టి వదిలేయలేం, మూడు నెలలకి మళ్ళీ స్కాను, అవసరమైతే మళ్ళీ గొట్టం అన్నారు.

ఆ మూడు నెలలు ఎట్లా గడిచాయో మీకు చెప్పాలంటే నాకు మాటలు చాలవు. ఆయన బీడీ మానేశాడు. దాంతోపాటు సముద్రం కూడా మానేశాడు. ఒడ్డుకి లాగిపెట్టిన పడవ నీడలో కూర్చునేవాడు. కూర్చున్న చోటికి మునుపు నలుగురు వచ్చి చేరేవాళ్ళు. ఇప్పుడు పలకరించి దూరంగా పోయి కూర్చున్నారు. పాట దగ్గర ఒకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్ను అడిగింది, అది గాలికి అంటుకుంటాదా వదినా, అని. ప్రతి పొద్దునా ఆయన దగ్గేవాడు, నేను దగ్గేదాన్ని. ఆయన దగ్గు పెరట్లో, నా దగ్గు పొయ్యి దగ్గర. ఒకరి దగ్గు ఆగేదాకా రెండోవాళ్ళం ఆగేవాళ్ళం. ఆయన అన్నం సగం వదిలేస్తే ఆ కంచం వంక చూసి, దేవుడా, ఆ గుర్తు నాదే కావాలని మొక్కేదాన్ని. మొక్కి లేచేలోపల నాకు చచ్చిపోతానని భయం వేసేది. అప్పుడు ఆ మొక్కు వెనక్కి తీసుకునేదాన్ని. తీసుకున్నందుకు సిగ్గుపడి మళ్ళీ మొక్కేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన వల చిరుగులు కుడుతున్నాడు. ఎదురుగా కూర్చుని దారం అందిస్తున్నాను. ఇంకో పది రోజుల్లో మళ్ళీ నెల్లూరు పోవాలి.

"మామా, ఆ సీసాలో మూడో రోజుది నీది కాదు."

సూది ఆగింది. "మరి ఎవురిది?"

"నాది. నువ్వు పొద్దున్నే పోతివి గదా. వెలితిగా ఉంటే నేను నింపినా."

సూదిని వల కన్నులో గుచ్చి వదిలేశాడు.

"ఎంత పోసినావు?"

వేలు చూపించాను, సగం వేలు.

"నేను రెండు దినాలు పేగులు బయటపడేటట్టు దగ్గితే అంత వచ్చింది. నువ్వు ఒక్క దగ్గుకి సగం వేలు పోసినావా? నాకంటే నువ్వే గట్టిదానివి మే." నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక సూది మళ్ళీ తీసుకున్నాడు. "ఎవురికీ చెప్పబాక."

"ఎట్టా చెప్పకుండా ఉండేది? నాదయితే నీకెందుకయ్యా ఆ గొట్టాలు?"

"డాక్టరమ్మ నాదనుకుంటుండాది. ఊరంతా నాదనుకుంటుండాది. నేను కూడా ఒప్పేసుకున్నా. ఇంక గమ్మునుండు. ఆ గొట్టం నీకేస్తే నువ్వు ఓర్చుకోలేవు."

"నాదయితే ఓర్చుకుంటా."

"నాదయితే?" అన్నాడు.

ఆయన దారం కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

ఆయన మాట వినలేదు నేను. ఆశా అమ్మాయికి చెప్పాను. ఆ పిల్ల వాకిట్లోనే కూలబడింది. "నా చేత్తో మామ పేరు రాసినా గదత్తా. నా పని పోతాది. ఎట్టా చేసినావత్తా ఈ పని?" అని ఏడ్చింది. తర్వాత తనే కళ్ళు తుడుచుకుని, పద పోదాం, అంది. ఇద్దరం బస్సెక్కి నెల్లూరు పోయాం.

డాక్టరమ్మ విని కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీకెన్నాళ్ళ నుంచి దగ్గు అమ్మా?"

"తెలియదమ్మా. పొయ్యి కాడ దగ్గనోళ్ళు ఎవురు?"

అన్నీ అడిగింది. బీడీ తాగుతారా, తాగనమ్మా. పొయ్యి ఏంటి, పుల్లల పొయ్యి. చిన్నప్పుడు సున్నం బట్టీ సంగతి చెబితే అది కూడా రాసుకుంది. ఆయన్ని గురించి ఎన్ని కాగితాలు రాశారో, ఇప్పుడు నా పేరు మీద మొదటి కాగితం మొదలైంది. రెండు సీసాలు ఇచ్చింది. మా ఇద్దరి పేర్లు రెండు కాగితాల మీద తనే రాసి అతికించింది.

"ఈసారి ఎవరిది వాళ్ళదే. గీత దాకా రాకపోయినా పర్వాలేదు. వెలితిగానే పంపండి."

ఆ మాట నాకు ముందే ఎవరన్నా చెప్పి ఉంటే, అనుకున్నాను. వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగి ఒక మాట అడిగాను. పాత సీసాలోది చెన్నైలో ఏమన్నా మిగిలి ఉందా, ఉంటే అందులో ఆయన కణం ఏదో నా కణం ఏదో వేరు చేసి, ఆ గుర్తు ఎవరి దాని మీద ఉందో చూడడానికి కుదురుతుందా, అని.

ఆమె కొంచెం ఆశ్చర్యపోయినట్టు చూసింది. "మగవాళ్ళ కణాలకీ ఆడవాళ్ళ కణాలకీ తేడా తెలుస్తుంది. కానీ ఆ గుర్తుని విడదీయగలరో లేదో నాకు తెలియదమ్మా. మిగిలి ఉందో లేదో కూడా. ల్యాబువాళ్ళని అడిగి చెబుతాను," అంది.

నేను నా సీసాలో మూడు పొద్దులు దగ్గాను. మీ తాత తన సీసా ముట్టుకోలేదు. "నాది నాకు తెలుసు," అనేవాడు. బతిమాలాను, ఏడ్చాను, మీ అమ్మ చేత ఫోను చేయించాను. వాన తగ్గనీ, పోస్తాలే అన్నాడు. ఆ వానల్లోనే జ్వరం తగిలింది. నాలుగు రోజులు ఇంట్లోనే మాత్రలు మింగాడు. ఐదో రోజు ఊపిరి అందక పెదవులు నీలంగా మారితే నెల్లూరు తీసుకుపోయాం. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము పట్టిందన్నారు. మొహానికి గాలి మాస్కు పెట్టారు. మాట్లాడలేడు. నా వేలు పట్టుకుని, సగం వేలు దగ్గర బొటనవేలితో నొక్కాడు. నవ్వించాలని చేశాడో, ఏదన్నా చెప్పాలని చేశాడో. ఆ సాయంత్రం పోయాడు.

వార్డు డాక్టరుని అడిగాను, అయ్యా, ఆయనకి క్యాన్సర్ ఉందా, అని. నిమ్ముతో పోయాడమ్మా, దాని కింద ఏముందో ఇప్పుడు చెప్పలేం అన్నాడు. చెప్పలేం అన్న మాట అప్పటికే నాకు చాలామంది చెప్పారు.

మీరు అప్పుడు రాలేకపోయారు. ఓడ దొరకలేదు. దానికి నేనేమీ అనుకోలేదు, మీ అమ్మకి కూడా చెప్పండి.

నెల తర్వాత నా సీసా సంగతి తెలిసింది. అందులో ఉమ్మే ఉంది, లోపలి కణాలు లేవు, పరీక్షకి పనికిరాదు. మొదటిసారి ఒక్క దగ్గుకి అంత వచ్చిన తెమడ, మూడు రోజులు కూర్చుని దగ్గితే రాలేదు. ఆయన పోయాక ఇంకోసారి దగ్గడానికి నాకు ఛాతీలో గాలి లేకపోయింది. స్కాను మాత్రం తీయించుకున్నాను, మీ అమ్మ పోరు పడలేక. పొగ మచ్చలు ఉన్నాయన్నారు. ఒకటి మాత్రం ఏంటో తెలియడం లేదు, ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. అప్పుడు పోయాను. అట్లాగే ఉంది, మళ్ళీ రమ్మన్నారు. పెరగలేదు, పోలేదు. నేను పొద్దున దగ్గుతూనే ఉన్నాను. దగ్గినప్పుడల్లా అరచేతిలోకి చూసుకుంటాను.

ఆ డాక్టరమ్మ పెద్ద చదువుకి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ పరిశోధన ముగిసిందంట. ఆశా అమ్మాయి పాత నంబరుకి ఎన్నోసార్లు చేసింది, ఎత్తేవాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన డాక్టరుని అడిగితే, ఆ సీసాలన్నీ ఎప్పుడో తీసేసి ఉంటారులే అవ్వా, అవి మనసులోంచి తీసేయ్, అన్నాడు. మంచి పిల్లోడు. ఆయనకి నా మీద కోపం లేదు, జాలే.

మీ తాత సీసా గూట్లోనే ఉంది. మూత తీయలేదు. అడుగున స్పిరిట్ నీళ్ళు అంతే ఉన్నాయి, కాగితం మీద డాక్టరమ్మ రాసిన ఆయన పేరు అట్లాగే ఉంది. పక్కింటామె వచ్చినప్పుడల్లా దాని వంక చూసి, పారేయి వదినా, అంటుంది. పారేయను. రేవుకి పోయినప్పుడు వెలితి గంప కనపడితే నా చెయ్యి ఇంకా లేస్తుంది. రెండో చేత్తో పట్టుకుంటాను. అందరూ చూస్తారు. చూడనీ.

అదీ తల్లీ, రొయ్యల డబ్బా వెలితిగా ఎందుకొచ్చిందో. అందులో ఉన్నవన్నీ నావే. ఎవరివీ కలవలేదు.

పెద్దోడా, నువ్వు సైన్సు చదువుతున్నావు కదా. మీ మాస్టర్లని ఎవరినన్నా అడుగు. గుమ్మంలో నిలబడి నేను అడిగిన మాటకి ల్యాబువాళ్ళని అడిగి చెబుతానన్న డాక్టరమ్మ మళ్ళీ కనపడలేదు. ఒకే సీసాలో మొగుడిదీ పెళ్ళాందీ కలిసిపోయాక, అందులో దొరికిన గుర్తు ఎవరిది?